ఆకుని ఎండబెట్టొద్దు, ఆరబెట్టండి

మొన్న పొద్దున పటమట రైతు బజారుకి వెళ్ళి పుదీనా కట్ట చేతిలోకి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టేశాను. గట్టిగా నాలుగు రెమ్మలు, అవి కూడా వానకి తడిసి కింద ఆకులన్నీ నల్లబడి జిగురుగా అయిపోయాయి, దానికి ఇరవై రూపాయలంట. మాఘమాసంలో ఇదే బజార్లో ఇంతకి మూడింతల కట్ట పది రూపాయలకి తెచ్చుకున్నా. ఇంటికొచ్చి, అప్పుడు ఆరబెట్టి దాచిన పుదీనా సీసా మూత తీసి, కాస్త ఆకు అరచేతిలో వేసుకుని నలిపాను, అంతే, వంటిల్లంతా వాసన నిండిపోయింది, హాల్లో పేపర్ చదువుకుంటున్న మా ఆయన ఇవ్వాళ పుదీనా పచ్చడా అని అక్కడినుంచే అడిగారు. ఆ ఆకు సీసాలోకి వెళ్ళి ఐదు నెలలు దాటింది.

మా చెల్లి గుంటూర్లో బ్రాడీపేటలో ఉంటుంది. ఎప్పుడు ఫోన్ చేసినా ఇదే అడుగుతుంది, "అక్కా, నేనూ ఎండబెడుతున్నాగా, నాకెందుకు రాదే ఆ వాసన" అని. ఫోన్లో చెప్తే సగం గుర్తుంటుంది, సగం ఉండదు. అందుకని ఈసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా, తనకీ ఉంటుంది, ఇంకెవరికైనా పనికొస్తే ఇంకా సంతోషం.

అసలు తేడా అంతా తను అడిగిన మాటలోనే ఉంది. ఎండబెడుతున్నా అంది చూశారా. మనకి రెండు మాటలున్నాయి, ఎండబెట్టడం ఒకటి, ఆరబెట్టడం ఒకటి. వడియాలు ఎండబెడతాం, ఒరుగులు ఎండబెడతాం, మిరపకాయలు ఎండబెడతాం. బట్టలు ఆరేస్తాం, తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకుంటాం. మొదటి మాటలో ఎండ ఉంది, రెండోదాంట్లో గాలి ఉంది. ఆకుకి కావాల్సింది రెండోది. ఇది నేను కనిపెట్టింది కాదు, మా అమ్మ చెప్పింది.

పెళ్ళయి విజయవాడ వచ్చిన కొత్తలో, మే నెల, మేడ మీద ఎండ చూస్తే దాన్ని వాడుకోకపోతే పాపం అనిపించేది. పది కట్టల పుదీనా కడిగి, స్టీల్ పళ్ళాల్లో పరిచి పదకొండింటికి మేడ మీద పెట్టాను. మూడింటికల్లా ఎండిపోయింది, అది నిజమే, పెళపెళలాడుతోంది కూడా. కానీ రంగు చూస్తే వరిగడ్డి రంగు, వాసన చూసినా గడ్డి వాసనే. స్టీల్ పళ్ళెం కాలి కాలి దానికి అంటుకున్న ఆకులైతే మాడిపోయాయి. అదే వారం అమ్మ గుంటూరు నుంచి వచ్చింది, సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఆకుని ఎండలో పెట్టమాకే, నీడపట్టున ఆరనియ్యి, ఇది మిరపకాయ కాదుగా" అంది.

మిరపకాయ కాదుగా అన్న మాట నాకు బాగా పట్టింది, ఎందుకంటే గుంటూరు వాళ్ళకి ఎండ మీద ఉండే నమ్మకం అంతా మిరపకాయ నుంచి వచ్చిందే. చిన్నప్పుడు తాతయ్య వాళ్ళ ఊరు వెళ్తే కళ్ళంలో కనుచూపు మేర ఎర్రగా పరిచి ఉండేవి, పది పదిహేను రోజులు తిరగేస్తూ ఎండబెట్టేవాళ్ళు, ఆ దారిన నడిస్తేనే తుమ్ములు. మిరపకాయ తోలు మందం, పైగా దాని ఘాటు గాల్లోకి ఎగిరిపోయే రకం కాదు, ఎన్ని రోజులు ఎండినా అందులోనే ఉంటుంది. ఎండబెట్టడంలో తేడా వస్తే రంగు పోయి తాలు కిందకి, అంటే నాసిరకం కిందకి వెళ్తుంది కానీ కారం అయితే కారమే. పుదీనా, కరివేపాకు, తులసి అలా కాదు. వాటి వాసనంతా నూనెలో ఉంటుంది, ఆ నూనె గాల్లో కలిసిపోయే రకం, అందుకే కదా మనకి దూరం నుంచే తెలుస్తుంది. పుదీనా, తులసి ఆకులకైతే ఆ నూనె పైపైనే సన్నటి బుడిపెల్లో ఉంటుంది, చేత్తో రాస్తేనే చిట్లిపోతాయి. కరివేపాకుకి ఆకు లోపలే ఉంటుంది, ఒక ఆకు తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, సూదితో పొడిచినట్టు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి, అవే నూనె తిత్తులు. నిమ్మాకు, మారేడు ఆకు పట్టుకుని చూసినా అలాగే కనిపిస్తాయి, ఇవన్నీ ఒకే కుటుంబం. ఎండ వేడికి ముందు పోయేది ఆ నూనే, తర్వాత పచ్చదనం పోతుంది, కళ్ళకి మంచి చేసే కెరోటిన్ కూడా ఎండకి పాడవుతుంది. ఇక మిగిలేది పీచు.

సరే, ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను.

కొనడం దగ్గరే సగం పని అయిపోతుంది. పువ్వు వచ్చిన పుదీనా, పువ్వు వచ్చిన తులసి తీసుకోను, పువ్వుకి వచ్చాక ఆకు వాసన తగ్గి కాస్త చేదు తిరుగుతుంది. ఇంట్లో కుండీలో ఉన్నదైతే పొద్దున మంచు తడి ఆరిపోయాక, ఎండ ముదరకముందు, ఎనిమిది తొమ్మిది మధ్యలో కోస్తాను. తులసి అయితే ఆదివారం, ద్వాదశి కోయను, ఆ పద్ధతి మా ఇంట్లో ముందునుంచీ ఉంది.

కడగడం గురించి కొంచెం పట్టుదలగానే చెప్తాను. చాలామంది కట్టని కుళాయి కింద పెట్టి దులిపేస్తారు. అలా కాదు, పెద్ద బేసిన్ నిండా నీళ్ళు పోసి, కట్ట విప్పి, ఆకుని అందులో ముంచి ఐదు నిమిషాలు వదిలేసి, ఆకుని నీళ్ళలోంచి పైకి తియ్యాలి, నీళ్ళని ఆకు మీంచి వంపకూడదు. వంపితే అడుగున దిగిన మట్టంతా మళ్ళీ ఆకు మీదకే వస్తుంది. ఇలా మూడుసార్లు. కరివేపాకుకి మొదటిసారి నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేస్తా, మంగళగిరి నుంచి తెనాలి వెళ్ళే దారిలో పెదవడ్లపూడి వైపు కరివేపాకు తోటలు చూసే ఉంటారు, తోట పంట అంటే మందు కొట్టకుండా ఉండదు, ఉప్పునీళ్ళకి అంతా పోతుందని కాదు, పైపైన ఉన్నదైనా పోతుంది.

తర్వాత తడి తీయడం. దీనికి పాత నూలు చీరని మించింది లేదు. రెండు మడతలేసి పరిచి, ఆకు పోసి, ఇంకో గుడ్డతో పైన మెల్లగా అద్దాలి, రుద్దకూడదు. పైన నీటి చుక్క ఉన్నంతసేపూ ఆకు ఆరదు, అక్కడ కమిలి నల్ల మచ్చ పడుతుంది. చీర తడిసిపోతే ఇంకో పొడి చీర మార్చి ఒక గంట ఫ్యాన్ కింద ఉంచితే పై తడంతా పోతుంది. ఆకుని కత్తితో తరగొద్దు, కాడ నుంచి నిండు ఆకుగానే తుంచండి, తరిగిన చోటల్లా నల్లబడుతుంది.

ఇక ఆరబోయడం. మా ఇంట్లో ఒక పాత నవారు మంచం ఉంది, అందరూ పారెయ్యమన్నారు, నేను దాన్ని ఇందుకే ఉంచుకున్నాను. దాని మీద పల్చటి పంచె వేసి, ఆకు మీద ఆకు పడకుండా ఒకే పొరగా పరుస్తాను, పైన దోమతెర కప్పుతాను. కింద నుంచి కూడా గాలి తగులుతుంది కాబట్టి నేల మీద పరిచినదానికన్నా ఒక రోజు ముందే ఆరుతుంది. మంచం లేకపోతే చేటలు, పిండి జల్లెడలు వాడొచ్చు, స్టీల్ పళ్ళెం మాత్రం వద్దు. గదిలో ఎండ నేరుగా పడకూడదు, కిటికీ తీసి ఉండాలి, ఫ్యాన్ రెండు మీద తిరగాలి, ఐదు మీద పెడితే రెండో రోజుకి ఆకులన్నీ గది మూలల్లో ఉంటాయి. పొద్దునొకసారి సాయంత్రమొకసారి వేళ్ళతో తేలిగ్గా తిరగేస్తే చాలు. పుదీనాకి మూడు రోజులు, కరివేపాకుకి నాలుగైదు రోజులు, మెంతాకుకి రెండు మూడు.

ఆరిందో లేదో చూడటానికి ఆకుని కాదు, ఆకు మధ్య ఈనెని విరిచి చూడాలి. ఆకు పెళపెళలాడుతున్నా ఈనె వంగుతోందంటే లోపల ఇంకా తేమ ఉన్నట్టే. ఈనె టప్పున విరగాలి. ఇది తెలియక ఒక ఆషాఢంలో సీసా నిండా పుదీనా పోగొట్టుకున్నాను, పైకి బాగా ఆరినట్టుంది కదా అని మూత బిగించేశా, పది రోజులకి తీస్తే తెల్లటి బూజు. అప్పటినుంచి సీసాలో పోశాక మొదటి మూడు రోజులు రోజూ గమనిస్తాను, సీసా గోడకి లోపల చెమ్మ ఆవిరిలా కనిపించిందా, వెంటనే మొత్తం తీసి మళ్ళీ మంచం మీదకే. బూజు వచ్చినదాన్ని మాత్రం ఏరి వాడుకోవద్దు, మొత్తం పారెయ్యాల్సిందే.

ఈ మాఘంలో తూచి చూశాను. కాడలు తీసేశాక పచ్చి పుదీనా ఆకు 400 గ్రాములు ఉంది, ఆరాక 65 గ్రాములు తూగింది. అంటే పోయిందంతా నీళ్ళే. అందుకే వంటలో పచ్చి ఆకు మూడు చెంచాలు వేసే చోట ఎండాకు ఒక చెంచా చాలు. సీసాలో నిండు ఆకుగానే దాచండి, వాడేముందు నలపండి, ముందే పొడి కొట్టి పెడితే నెల తిరిగేసరికి వాసన సగం పోతుంది. గాజు సీసా, బిగుతు మూత, వెలుతురు తగలని అర. పొయ్యి పక్కన అరలో పెట్టొద్దు, అక్కడ ఎప్పుడూ వేడే. ఇలా ఉంచితే ఆరు నెలలు నిక్షేపంగా ఉంటుంది, తర్వాత కూడా పాడవదు కానీ వాసన సన్నగిల్లుతుంది.

ఇప్పుడు ఏది ఆరబెట్టాలి, ఏది వద్దు అనేది. పుదీనా చెప్పేశాను. మెంతికూర ఇంకా గొప్పది, పచ్చిగా ఉన్నప్పటికన్నా ఆరాక దాని వాసన బాగుంటుంది. కసూరి మేతి అని ప్యాకెట్లో అమ్మేది అదే, లాహోర్ దగ్గర కసూర్ అనే ఊరి పేరు మీద వచ్చింది, మన దేశంలో రాజస్థాన్ నాగౌర్ ప్రాంతంలో బాగా పండిస్తారు. మన రైతు బజారు మెంతికూర ఆ రకం కాదు కాబట్టి అచ్చం అదే వాసన రాదు, అయినా పప్పులో, చపాతీ పిండిలో, బంగాళదుంప కూరలో దించే ముందు నలిపి వేస్తే నాకు ప్యాకెట్ దానికన్నా మనదే ఇష్టం. చిన్న ఆకులున్న లేత కట్టలే తీసుకోండి.

కొత్తిమీర ఆరబెట్టొద్దు. రెండు మూడుసార్లు అన్ని జాగ్రత్తలూ తీసుకుని చేశాను, రంగు చక్కగా పచ్చగానే ఉంది, వాసన మాత్రం లేదు. కొత్తిమీర వాసన ఆరేలోపే గాల్లో కలిసిపోతుంది. చవగ్గా దొరికినప్పుడు చింతపండు వేసి నిల్వ పచ్చడి పెట్టుకోండి, అదే దానికి సరైన దారి.

వామాకు కూడా వద్దు. ఆకు మందం, నిండా నీరు, వారం అయినా ఆరదు, ఈలోపు నల్లబడి కుళ్ళు వాసన వస్తుంది. దాన్ని బజ్జీలకే వదిలేయండి.

కరివేపాకు ఆరబెడితే వాసన కొంత తగ్గుతుంది, ఒప్పుకోవాలి. అయితే పొడికి చాలా బాగుంటుంది, పచ్చి ఆకుని నూనెలో అంతసేపు వేయించే పని ఉండదు, మినప్పప్పు, శనగపప్పు, ధనియాలు, ఎండుమిర్చి వేయించి, చింతపండు, వెల్లుల్లి, ఆరిన కరివేపాకు కలిపి మిక్సీ పట్టడమే, నెల పైనే ఉంటుంది. వేడి అన్నంలో నెయ్యితో ఆ పొడి ఉంటే ఆ పూట కూర చెయ్యకపోయినా ఎవరూ అడగరు. తిరగమోతలో మాత్రం జాగ్రత్త, ఎండాకు కాగిన నూనెలో పడితే క్షణంలో మాడిపోతుంది, అందుకని తిరగమోతలో కాకుండా సాంబారు మరిగేటప్పుడు వేస్తాను. కరివేపాకు ఒక్కదానికి మైక్రోవేవ్ కూడా పనిచేస్తుంది, రెండు టిష్యూ పేపర్ల మధ్య గుప్పెడు ఆకు, అర నిమిషం, తీసి చూసి మళ్ళీ అర నిమిషం, పక్కనే నిలబడే చెయ్యాలి, ఎక్కువైతే కాగితానికి నిప్పంటుకుంటుంది. ఆకు మాత్రం పచ్చగా ఉంటుంది. గుప్పెడుకైతే సరే, కిలోకి అది పద్ధతి కాదు.

గోంగూర గురించి గుంటూరు వాళ్ళకి నేను చెప్పేదేముంది, అయినా ఒక్క మాట. గోంగూర ఎంత నీడలో ఆరబెట్టినా ఆ ముదురు రంగు వస్తుంది, అది మీ తప్పు కాదు. ఆకులో పులుపు ఎక్కువ, ఆ పులుపే పచ్చరంగుని విరిచి గోధుమ రంగుకి తెస్తుంది, పచ్చడికి వేయించేటప్పుడు క్షణాల్లో రంగు మారేది కూడా అందుకే. పులుపుకి ఏ లోటూ రాదు. నిల్వ పచ్చడికైతే పూర్తిగా ఆరనక్కర్లేదు, తడి పోయి ఆకు వాడితే చాలు. పూర్తిగా ఆరబెట్టిందైతే శ్రావణంలో పప్పులోకి వాడుకుంటాం.

వేపపువ్వు ఒక్కటే ఎండలో పెట్టినా పర్వాలేదని అమ్మ అంటుంది. చైత్రంలో చెట్టు కింద దుప్పటి పరిచి రాలిన పువ్వు ఏరి, ఒక రోజు ఎండబెట్టి డబ్బాకెత్తుతుంది. దాంట్లో మనకి కావాల్సింది వాసన కాదు, చేదు, చేదు ఎండకి పోదు. నేతిలో వేయించి చారులో వేస్తే జ్వరం పడి లేచినవాళ్ళకి నోరు బాగుంటుంది.

కాలం గురించి కూడా చెప్పాలి. మన వైపు ఆకు ఆరబెట్టడానికి సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఉన్న రోజులకి సాటి లేదు, గాలి పొడిగా ఉంటుంది, వేడి ఉండదు, ఆకుకూర చవక. రోహిణి కార్తెలో నీడలో కూడా ఒక్క రోజులో ఆరిపోతుంది కానీ అప్పుడు మంచి ఆకు దొరకదు, బజారుకి వచ్చేటప్పటికే వడలి ఉంటుంది. ఇక ఇప్పుడు ఆషాఢం, శ్రావణం, అసలు కష్టం ఇప్పుడే, గాలి నిండా తేమ, ఫ్యాన్ ఎంత తిరిగినా ఆ తేమనే తిప్పుతుంది. ఈ రోజుల్లో ఆరబెట్టి తీరాలంటే ఏసీ గది వాడండి. ఏసీ చల్లబరిచేటప్పుడు గాల్లో నీటిని కూడా లాగేస్తుంది, బయట పైపులోంచి బొట్లు బొట్లుగా కారేది ఆ నీళ్ళే. రాత్రి ఎలాగూ వేస్తాం కాబట్టి మంచం పక్కన రెండు చేటలు పెడితే చాలు, డ్రై మోడ్ ఉంటే అది ఇంకా మంచిది. ఫ్రిజ్‌లో కూడా ఇదే జరుగుతుంది, మంచు కట్టని రకం ఫ్రిజ్‌లో పళ్ళెంలో మూత లేకుండా పల్చగా పరిచి వారం రోజులు మర్చిపోతే రంగుతో సహా ఆరిపోయి ఉంటుంది, కాకపోతే పాలకి పుదీనా వాసన పడుతుంది.

ఇంత శ్రద్ధ దేనికి, కట్ట పది రూపాయలేగా అనేవాళ్ళున్నారు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్లో ఉండే మా పిన్ని వాళ్ళు కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చారు. ఎనిమిది రోజులున్నారు. ఆ రోజుల్లో మా వైపు బజార్లోకి ఆకుకూర అన్నది రాలేదు, కూరగాయలు కూడా ఏవి దొరికితే అవే. బియ్యం, పప్పు ఉన్నాయి, అరలో మునగాకు, కరివేపాకు పొడి, ఎండు గోంగూర ఉన్నాయి. రోజుకొకటి చేశాను. మూడో రోజు మధ్యాహ్నం గోంగూర పప్పు కలుపుకుంటూ పిన్ని ఒక్కసారి ఆగిపోయి, "నా ఇంట్లో తిన్నట్టుందే" అని కళ్ళు తుడుచుకుంది. అప్పటినుంచి ప్రతి మాఘంలో పిన్నికి కూడా ఒక సీసా తీసి పెడతాను.

మునగాకు చివరికి ఉంచాను, ఎందుకంటే ఇప్పుడు పని దాంతోనే. ఆషాఢంలో మునగాకు తినాలంటారు కదా, మా అపార్ట్‌మెంట్ వెనక చెట్టు కొమ్మలు కొట్టేస్తుంటే వాచ్‌మన్ అన్న రెండు మోపులు పైకి తెచ్చిచ్చాడు. ఆ చిన్న చిన్న ఆకులు ఒక్కొక్కటీ దూస్తూ కూర్చుంటే రోజంతా పడుతుంది, దానికి అమ్మ చెప్పిన ఉపాయం ఉంది, రెమ్మల్ని దులిపి పాత చీరలో గట్టిగా మూటకట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున విప్పి విదిలించగానే ఆకంతా దానికదే రాలిపోతుంది, కాడలు చేతిలో మిగులుతాయి. అప్పుడు కడిగి, ఏసీ గదిలో రెండు రాత్రులు ఆరబెట్టి పొడి చేస్తాను. విటమిన్ సి ఆరడంలో పోతుంది, ఇనుము, కాల్షియం ఎక్కడికీ పోవు. రోజుకో చెంచా, చారులోనో చపాతీ పిండిలోనో.

మూట ఇప్పుడు బాల్కనీ తలుపు పక్కన ఉంది. పొద్దున ఐదున్నరకి లేచి విప్పాలి, ఆలస్యమైతే లోపల ఆకు వేడెక్కి పసుపు రంగుకి తిరుగుతుంది. చెల్లీ, నువ్వు ఆదివారం వస్తావుగా, ఖాళీ గాజు సీసా ఒకటి పట్టుకురా, మూత బిగుతుగా ఉండేది చూసి.